గద్వాలలో ఒక గ్లాసు టీ దగ్గర నేను తప్పిన పరీక్ష

మనుషులు పెళ్లిచూపుల్లో రకరకాలుగా ఓడిపోతారు. ఒకరికి ఎత్తు చాలదు, ఒకరికి జీతం చాలదు, ఇంకొకరికి జాతకం కలవదు. నేను మాత్రం పాఠం చెప్పక ఓడిపోయాను. అదీ ఎలాంటి పాఠం? ప్రభుత్వం నన్ను మూడు రోజులు కూర్చోబెట్టి, శిక్షణ ఇచ్చి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి మరీ చెప్పమన్న పాఠం. ఇంత శ్రమపడి ఒక మనిషిని పెళ్లికి పనికిరాకుండా చేసిన సందర్భం మా పాలమూరు జిల్లాలో ఇంకొకటి ఉందని నేననుకోను. అలాంటి వాడు ఇంకొకడు ఉన్నాడని మీకు తెలిస్తే నాకు కబురు చేయండి, ఇద్దరం కూర్చుని ఏడుస్తాం.

తొంభైల చివరి మాట ఇది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. సొంతూరు వనపర్తి. గద్వాలలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. మా నాన్న మగ్గం నేసి నన్ను చదివించాడు, నేను మగ్గం ముట్టకుండా చదువుకున్నాను. దాంతో ప్రపంచంలో ఉన్న జ్ఞానమంతా పుస్తకాల్లోనే ఉందనీ, ఆ పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయనీ నాకు గట్టి నమ్మకం ఏర్పడింది.

ఆ రోజుల్లో బడి పిల్లలకు ఎయిడ్స్ గురించి, జీవన నైపుణ్యాల గురించి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బడికొక్కరిని శిక్షణకు పంపమన్నారు. మా బడిలో అందరికీ ఒకేసారి ఇంట్లో ఏదో ఒక శుభకార్యం తగిలింది. పెళ్లికానివాణ్ణి, శుభకార్యం లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను జిల్లా కేంద్రానికి తోలారు. పెళ్లికాని వాడికి ఈ పాఠం ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్లు వెళ్లాల్సి వస్తుంది.

శిక్షణలో మేమంతా నిలబడి, చేతులు కట్టుకుని, ఎక్కాల్లా వల్లించాం. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. చేయి కలిపితే రాదు. దోమ కుడితే రాదు. ఒకే బావిలో ఈత కొడితే రాదు. మూడో రోజు ప్రశ్నల పోటీ పెడితే నాకు మొదటి బహుమతి వచ్చింది. ఒక పెన్ను. ఆ పెన్ను జేబులో పెట్టుకుని గద్వాల బస్సు దిగిన నన్ను చూస్తే రోగాలు భయపడి పక్కకు తప్పుకుంటాయనిపించేది, నాకు. తొమ్మిదో తరగతికి వెళ్లగానే ఆ పెన్ను చూపించి, "ఫస్టు వచ్చాను" అని చెప్పాను. ఆ మాట చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో.

హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచారు. పెద్దాయన, ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఆ రెండేళ్లూ ఏ గొడవా లేకుండా గడిస్తే చాలనేది ఆయన ఏకైక విద్యావిధానం.

"పాఠం మంచిగ చెప్పుండ్రి," అన్నారు. "గానీ ఆ రోగం ఎట్ల వస్తదో మాత్రం చెప్పకుండ్రి. ఊరి పెద్దమనుషులు బడి మీదికొస్తరు."

"మరి ఎలా రాదో చెప్పమంటారా సార్?"

"ఎట్ల రాదో చెప్తె, మరి ఎట్ల వస్తదని అడుగుతరు. అది గూడ వద్దు."

"మరి ఏం చెప్పాలి సార్?"

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. "జాగ్రత్తగ ఉండాలె అని చెప్పుండ్రి," అన్నారు. "దానికెవ్వరు ఏం అనరు."

వెన్నెముక ఉన్న జీవుల గురించి వారంలో ఆరు రోజులు పాఠం చెప్పేవాణ్ణి. ఆయన మాటకు తలూపి బయటికి వచ్చాను.

తరగతిలో నిలబడ్డాక ఒక గొప్ప ఉపాయం తోచింది. ఉపాయాలు నాకు తోచిన ప్రతిసారీ ఏదో ఒక నష్టమే జరిగింది. పిల్లల్లో సగం మంది నేతగాళ్ల బిడ్డలు. వాళ్లకు తెలిసిన సంగతితో మొదలుపెడితే ఒక్క ఇబ్బందికరమైన మాటా పలకకుండా పాఠం గట్టెక్కవచ్చు కదా అనుకున్నాను.

"మన ఒళ్లు ఒక గద్వాల చీర అనుకోండి," అన్నాను. "లోపల నూలు, చుట్టూ పట్టు అంచు. అంచు చీరను కాపాడుతుంది. మన ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి కూడా అలాంటి అంచే."

మొదటి బెంచీలోంచి పద్మ లేచింది. తరగతిలో అందరికంటే తెలివైన పిల్ల, అందుకే నాకు కొంచెం భయం. "అంచు చీరను కాపాడదు సార్. అంచు అందానికి. చీర ముందుగాల్ల చిరిగేదే మడిమె కాడ, అంచుకే."

"సరే. పోగు అనుకుందాం. ఒక పోగు తెగింది..."

"తెగితే ముడేస్తం సార్," అన్నారు వెనక బెంచీ వాళ్లు.

"ఇది ముడి వేయలేని పోగు."

"గట్లాంటి పోగు ఉండదు సార్. నూలుకు ఒక తీరు ముడి, పట్టుకు ఒక తీరు ముడి. మీ నాయిన నేర్పలేదా?"

మిగిలిన అరగంటా వాళ్లే నాకు పాఠం చెప్పారు. నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలుపుతారో, పోగును అటూ ఇటూ నడిపే నాడె ఒంటికొకటి, అంచుకొకటి ఎందుకు కావాలో, మగ్గం మీద ఇద్దరు మనుషులు ఎలా కూర్చుంటారో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చూపించారు. గంట కొట్టారు. రోగం పేరు కూడా ఎత్తని ఆ రోజు, రిజిస్టరులో నా బహుమతి పెన్నుతో "పాఠం పూర్తయింది" అని రాసి సంతకం పెట్టాను.

శిక్షణలో ప్రశ్నల డబ్బా పెట్టమన్నారు. పేరు రాయకుండా చీటీ మీద ఏ సందేహమైనా రాసి వేయవచ్చు, సారు అందరి ముందూ జవాబు చెప్పాలి. సుద్దముక్కల డబ్బాకు పైన చీలిక పెట్టి బల్ల మీద ఉంచాను. వారం తర్వాత తెరిస్తే మూడు చీటీలు. మొదటిది, "సార్ మీ పెండ్లి ఎప్పుడు?" రెండోది, "మీకు తెల్లచొక్కా ఒక్కటే ఉందా?" ఈ రెంటికీ ఒక్కోదానికి పది నిమిషాల చొప్పున వివరంగా జవాబు చెప్పాను. మూడోది ఇలా ఉంది. "భివండి పోయొచ్చిన మనిషితోటి కలిసి తింటే ఆ రోగం అంటుకుంటదా?"

మా వైపు నుంచి మరమగ్గాలు నడపడానికి రాష్ట్రం దాటి భివండికి వెళ్లినవాళ్లు చాలామంది. తిరిగొచ్చినవాళ్లలో ఎవరికైనా జ్వరం వస్తే చాలు, ఊరు రోగం పేరు తనే పెట్టేసేది. ఈ ప్రశ్నకు జవాబు ఒకటే మాట, అంటుకోదు. ఆ మాట నిలబడి, చేతులు కట్టుకుని వల్లించినవాణ్ణి, దాని మీద పెన్ను గెలిచినవాణ్ణి నేను. గొంతు సవరించుకుని, "మంచి ప్రశ్న. దీని జవాబు పై తరగతుల్లో వస్తుంది," అన్నాను. ఏ పై తరగతిలోనూ రాదని నాకు తెలుసు.

మరుసటి వారం అదే చేతిరాతతో మరో చీటీ. "పై తరగతి దాక ఆగనీకి లేదు. మా ఇంట్ల మనిషి. అంటుకుంటదా, అంటుకోదా? ఒక్క మాట చాలు."

అక్షరాలు తొమ్మిదో తరగతి పిల్లలవి కావు, ముత్యాల్లా ఉన్నాయి. ఆ సంగతి గమనించాను. గమనించి ఊరుకున్నాను, నా శాస్త్రీయ పరిశీలన అంతవరకే. కిటికీ దగ్గర హెడ్మాస్టరు తచ్చాడుతున్నారు. "ఏ రోగమైనా సరే జాగ్రత్తగా ఉండడం మంచిది," అన్నాను. "తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి." హెడ్మాస్టరు కిటికీలోంచి తృప్తిగా తలూపి వెళ్లిపోయారు. నేను కూడా గండం గడిచిందనే అనుకున్నాను.

ఇక నా గుండె సంగతి చెప్పాలి. పద్మకు ఒక అక్క ఉంది, అనసూయ. ఇంటర్ చదివి, ఇంట్లో తండ్రితో పాటు మగ్గం మీద కూర్చునేది. తండ్రికి పని వదిలి రావడం కుదరక పద్మ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి ఆమే బడికి వచ్చేది. అలా మూడుసార్లు చూశాను. ఏడాదికి నాలుగుసార్లకు మించి కార్డులు ఇవ్వరు. పరీక్షలు ఇంకొన్ని పెంచితే పిల్లలు బాగుపడతారని నేను ఆ ఏడు హెడ్మాస్టరుకు రెండుసార్లు విన్నవించుకున్నాను. అంతలో మా అమ్మ వనపర్తి నుంచి వచ్చి, "గద్వాలల మనోళ్ల పిల్ల ఒకామె ఉన్నదంట. చూడనీకి పోదాం" అని ఫొటో తీసింది. అనసూయ ఫొటో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆమెను తప్ప ఇంకెవరినీ చేసుకోకూడదని తీర్మానించుకున్నాను. వచ్చే ఆదివారం పెళ్లిచూపులు.

ఆ ఆనందంలో మంచి పాఠం ఒకటి చెప్పాలనిపించింది. శిక్షణ పుస్తకంలో వెతికితే ప్రమాదకరమైన మాట ఒక్కటీ లేని అధ్యాయం దొరికింది. కాదని చెప్పడం ఎలా? మూడు మెట్లు. ఒకటి, ఎదుటివారి కళ్లలోకి చూసి కాదని స్పష్టంగా చెప్పాలి. రెండు, కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి. మూడు, అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవాలి. రెండు రోజులు పిల్లల చేత సాధన చేయించాను. పాఠం ఎంత బాగా ఎక్కిందంటే, మూడో రోజు హెడ్మాస్టరు వచ్చి మొక్కలకు నీళ్లు పోయమంటే నలభై మంది ఆయన కళ్లలోకి చూశారు. "పొయ్యం సార్. మాకు లెక్కల పరీక్ష ఉన్నది," అని లేచి వెళ్లిపోయారు. ఆయన వట్టి బిందె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

ఇంటిపని కూడా ఇచ్చాను. ఈ మూడు మెట్లూ ఇంట్లో ఒక పెద్దవాళ్లకు నేర్పి, వాళ్ల సంతకం తేవాలి. పద్మ నోటుపుస్తకంలో అనసూయ సంతకం ఉంది. దాన్ని అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసుకున్నాను. సంతకం చూసి మురిశానే గాని, చేతిరాత చూడలేదు.

ఆదివారం పొద్దున మా అమ్మ, నేను వాళ్లింటికి వెళ్లాం. ముందు గదిలో మగ్గం, పక్కన చాప, మాకు రెండు కుర్చీలు. అనసూయ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. మూలన వాళ్ల అవ్వ. తలుపు దగ్గర పద్మ, నన్ను చూసి అలవాటుగా లేచి నిలబడి.

"ఏమన్న అడిగేదుంటె అడుగుండ్రి సార్," అన్నాడు తండ్రి.

నేను మూడు ప్రశ్నలు తయారు చేసుకుని వెళ్లాను. నోరు తెరిచేలోపు అనసూయ అంది, "నేనొకటి అడగొచ్చా సార్?"

మా అమ్మ నవ్వింది. "అడుగు బిడ్డ."

"మా మేనమామ భివండిల పదేండ్లు పని చేసి వచ్చిండు. ఒంట్ల బాగుంటలేదు. వాడకట్టోళ్లు ఏందేందో అంటున్నరు. మీరు సైన్సు సార్ గద. కలిసి తింటే అంటుకుంటదా, అంటుకోదా? ఒక్క మాట చాలు."

ఆ చీటీ నా కళ్ల ముందు నిలబడింది. చెల్లెలి చేత డబ్బాలో వేయించిన ఆ ముత్యాల అక్షరాలు ఎవరివో అప్పుడు అర్థమైంది. వెంటనే జవాబు చెప్పి ఉంటే ఈపాటికి నాకు మనవలు ఉండేవారేమో. కానీ పక్కన మా అమ్మ ముఖంలో నవ్వు పోయింది. అవ్వ, తండ్రి, అందరూ నన్నే చూస్తున్నారు.

"అది... వైద్యశాస్త్రం ప్రకారం..." అన్నాను. "జాగ్రత్తగా ఉండడం మంచిది."

"ఆఁ, సార్ బడిల గూడ గదే చెప్పిండంట," అంది అవ్వ గర్వంగా. "పద్మ వచ్చి చెప్పిన్నాటి సంది నర్సింహులును వెనక కొట్టంల ఉంచినం. పళ్లెం వేరు, గ్లాసు వేరు. సార్ పుణ్యాన ఇంటిల్లిపాది మంచిగున్నం."

అనసూయ వెనక తలుపు వైపు తిరిగి, "మామా, సార్‌కి టీ నువ్వే తే," అంది.

సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, ఆమె ముందే చెప్పి ఉంచినట్టు, ట్రే పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ఆ గడప దాటి రెండు వారాలైందని నాకు తర్వాత తెలిసింది. అనసూయ తలూపితే లోపలికి అడుగు వేసి, రెండు చేతులతో గ్లాసు అందించాడు. "తీస్కోండ్రి సార్," అన్నాడు.

తీసుకున్నాను. ఒకే గ్లాసులో తాగితే రాదు. చేయి కలిపితే రాదు. నా తలలో మొత్తం పాఠం వరసగా, తప్పు లేకుండా వచ్చింది. చేయి మాత్రం పైకి లేవలేదు. టీ వేడిగా ఉందన్నట్టు ఊదాను. చల్లారింది. చల్లారాక మళ్లీ ఊదాను. ఐసు ముక్కలాంటి టీని కూడా ఊదుతూ కూర్చోగల మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు.

చివరికి గ్లాసు కింద పెట్టాను. "నాకు టీ అలవాటు లేదు."

మా అమ్మకు అబద్ధం నచ్చదు. "ఏందిరా గట్లంటవు, పొద్దుగూకే దాక నాలుగు తాగుతవు గద," అంది.

నర్సింహులు వంగి గ్లాసు తీసుకున్నాడు. "ఏం కాదు సార్. నాకు అలవాటైంది," అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

అనసూయ నా కళ్లలోకి చూసింది. మూడు ప్రోగ్రెస్ కార్డుల కాలం నేను ఎదురుచూసిన చూపు అది.

"ఈ సంబంధం నాకొద్దు సార్," అంది. "తెల్వక చెప్పకపోతె తప్పు కాదు, మీరు తెలిసి చెప్పలె."

లేచి లోపలికి వెళ్లిపోయింది.

తలుపు దగ్గర్నుంచి పద్మ గొంతు వినిపించింది. "మా అక్క మూడు మెట్లు కరెక్టుగ చెప్పింది గద సార్," అని, మార్కులు వేస్తానేమోనని నా వైపు చూసింది.

బస్టాండు దాకా మా అమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. వనపర్తి బస్సు ఎక్కుతూ మాత్రం ఆగింది. "ఆ పిల్లకు గట్ల మొఖం మీద చెప్పుడు ఎవరు నేర్పిండ్రో గానీ, వాని ఇల్లు సల్లగుండ."

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె కిటికీ పక్కన కూర్చుని ముఖం అటు తిప్పుకుంది.

సోమవారం తొమ్మిదో తరగతికి వెళ్లి తలుపు తీసే ఉంచి పాఠం చెప్పాను. ఈసారి చీర లేదు, అంచు లేదు. కలిసి తింటే రాదు, తాగితే రాదు, పక్కన కూర్చుంటే రాదు. అలాంటి మనిషిని వేరు పెట్టడం తప్పు, ఆ తప్పు నా నోటి నుంచి మొదలైంది. తర్వాత ఎలా వస్తుందో కూడా చెప్పాను. రక్తం, సూది, జాగ్రత్త లేని శారీరక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు. భూమి బద్దలవలేదు. ఒకరిద్దరు తలలు వంచుకుని నవ్వారు, మిగతావాళ్లు రాసుకున్నారు. హెడ్మాస్టరు కిటికీ దగ్గరికి వచ్చి, విని, గుండె పట్టుకుని స్టాఫ్‌రూములోకి వెళ్లిపోయారు.

బడి మీదికొస్తారన్న ఊరి పెద్దమనుషుల కోసం మూడు రోజులు ఎదురుచూశాం. బుధవారం ఒకే ఒక్కరు వచ్చారు, పద్మ వాళ్ల అవ్వ. ఆమెను చూసి హెడ్మాస్టరు మ్యాపుల బీరువా వెనక్కి వెళ్లారు. అవ్వ నా దగ్గరికి వచ్చి, "జాగ్రత్త అంటె ఏందో ముందుగాల్లనే చెప్పొద్దా సార్? పిల్లగాణ్ణి పదిహేను దినాలు కొట్టంల పండవెడితిమి. ఇయ్యాల పొద్దున నా పక్కన కూసోపెట్టుకుని తినిపిచ్చిన," అంది. ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది. రెండూ నాకు రావలసినవే. నర్సింహులుకు అసలు ఏ జబ్బో నేను అడగలేదు. అది నేను తెలుసుకోవలసిన సంగతి కాదని అప్పటికి అర్థమైంది.

ఇది చదువుతున్న మీలో కొందరు, అనసూయ మనసు మారి ఉంటుందని ఆశపడుతూ ఉంటారు. నేనూ పడ్డాను. ఏడాది చివరి ప్రోగ్రెస్ కార్డుల రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. సంతకానికి ఆ తండ్రే మగ్గం దిగి వచ్చాడు.

వేసవిలో ఆమెకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు బస్సు కండక్టరు. పెళ్లిచూపుల్లో అతణ్ణీ అదే ప్రశ్న అడిగిందట. "నాకు తెల్వదు," అన్నాడట అతను. నర్సింహులు టీ ఇస్తే గడగడా తాగి, "జర అల్లం దంచి ఇంకో అర గ్లాసు పోస్తవా మామా," అన్నాడట. శిక్షణ లేదు, సర్టిఫికెట్ లేదు, పెన్ను లేదు.

పద్మ వాళ్ల సార్‌నని నన్ను పెళ్లికి పిలిచారు. భోజనాల బంతిలో నర్సింహులు పక్కనే చోటు దొరికింది. ఆయన తన ముందున్న చారు గ్లాసు నా వైపు జరిపి, మెల్లగా అన్నాడు, "ఊదకుంట తాగుండ్రి సార్."

తాగాను. నోరు కాలింది.

కనుక, సకల ఉపాధ్యాయ లోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెలిసిన జవాబును పై తరగతికి పంపను. జాగ్రత్త అనే మాటను ఏ జాగ్రత్తో చెప్పకుండా పలకను. ఎవరి ఇంట్లో ఎవరి చేతి మీదుగా టీ వచ్చినా, గుక్క తిప్పుకోకుండా తాగి, ఇంకో అర గ్లాసు అడుగుతాను. ఈ ప్రమాణం ఎంత కఠినమో మీకు తెలియదు. నాకు పిల్లనిచ్చింది నాగర్‌కర్నూల్‌లో, అక్కడ మా అత్తగారు టీలో ఉప్పు వేస్తారు. ఇరవై ఏళ్లుగా మెచ్చుకుని మళ్లీ అడిగి తాగుతున్నాను, అల్లుడికి తన టీ అంటే ప్రాణమని ఆవిడ ఊరంతా చెప్పుకుంటోంది.